రాక్ మీద ఇష్టంతోనే ఈ ఉద్యోగానికి వచ్చాను, ఇప్పుడు ఆ ఇష్టమే అడ్డంటున్నారు

హిందూపురం_రైలు
బెంగళూరులో ఒక ఆంగ్ల దినపత్రిక నగర అనుబంధంలో సంగీత విలేకరిగా పనిచేస్తున్నాను. ఇంటర్మీడియట్‌లో మా మేనమామ ఇచ్చిన పాత వాక్‌మన్‌లో బ్రిటిష్ మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ క్యాసెట్టు విన్న నాటి నుంచి నా చదువు, స్నేహాలు, చివరికి ఉద్యోగం కూడా ఆ సంగీతం వెంటే నడిచాయి. ఇంజినీరింగ్ పూర్తిచేసి, తోటివారంతా కోడింగ్ పరీక్షలు రాస్తుంటే నేను సగం జీతానికి ఈ వృత్తిలోకి వచ్చాను. ఇందిరానగర్‌లో ఒక స్థానిక మెటల్ బ్యాండు తొలి ఆల్బమ్ విడుదల చేస్తూ ఇచ్చిన ప్రదర్శన మీద ఈ మధ్య దాదాపు పేజీ నిండా సరిపోయే సమీక్ష రాసి ఇచ్చాను. "ఇది సమీక్ష కాదు, అభిమాని రాసిన ఉత్తరం" అని వార్తలు దిద్దే డెస్కులో దానిని ఒక చిన్న పేరాకు కుదించి, మిగిలిన స్థలంలో ఆ సాయంత్రం వచ్చిన ఒక నటి వేసుకున్న తోలు జాకెట్ గురించి పెట్టెకట్టి వేశారు. ఇష్టం లేనివాడు ఈ సంగీతం గురించి ఏమి రాయగలడు? ఇష్టం ఉన్నవాడు రాస్తే ఎందుకు నమ్మరు? ఈ పనిలో చాలాకాలం నిలిచినవారు ఇక్కడ ఉంటే, ఎలా నిలిచారో చెప్పగలరా?

కేఆర్‌పురం_వంతెన
ఆ జాకెట్ మీద ఏ బ్యాండు బొమ్మ ఉందో అదైనా సరిగ్గా రాశారా?

హిందూపురం_రైలు
రాయలేదు. మెటాలికా అని వేశారు. అది మెగాడెత్.

జయనగర_భారతి
నేను వేరే పత్రికలో సబ్ ఎడిటర్‌ను, కాబట్టి ఈ తగాదాలో బల్లకు అవతలి వైపు కూర్చునేదాన్ని. జాకెట్ సంగతిలో మీ డెస్కును సమర్థించను. సమీక్ష సంగతి మాత్రం చూడకుండా చెప్పలేను. అందులో మొదటి పేరా ఎలా ఉందో తెలుగులో ఇక్కడ పెట్టండి.

హిందూపురం_రైలు
ఇదిగోండి. "మొదటి గిటారు రిఫ్ మోగగానే గాలిలోకి విద్యుత్తు ప్రవహించింది. గోడలు కంపించాయి. ఆ నలుగురు కుర్రవాళ్ళు వేదిక మీద పిడుగుల్లా విరుచుకుపడ్డారు. బెంగళూరు మెటల్‌కు చావు లేదని ఆ రాత్రి మరోసారి రుజువైంది."

జయనగర_భారతి
ఈ నాలుగు వాక్యాలను ఏ ఊరిలో ఏ బ్యాండు వాయించినా ఒక్క అక్షరం మార్చకుండా అచ్చు వేయవచ్చు, ఊరి పేరు తప్ప. హాలులో సగమైనా నిండిందా, టిక్కెట్టు ఎంత, ఎనిమిదింటికి అన్నది ఎన్నింటికి మొదలైంది, సొంత పాటలెన్ని, వేరే బ్యాండ్ల నుంచి తెచ్చుకున్న అరువు పాటలెన్ని, గాయకుడి మాట అర్థమైందా లేక బేస్ డ్రమ్ము కింద నలిగిపోయిందా, రెండో గిటారు వినిపించిందా అన్నవేవీ ఇందులో లేవు. మీరు పొందిన అనుభూతి నిజమే కావచ్చు. కానీ పాఠకుడు ఆ రాత్రి అక్కడ లేడు. అతనికి మీ ఒళ్ళు గగుర్పొడిచిందని చెబితే సరిపోదు, ఎందుకు గగుర్పొడిచిందో చూపించాలి. నేనైతే మీ సమీక్షను చింపను, తిరిగి రాయమని వెనక్కి పంపుతాను. మీ డెస్కుకు అంత తీరిక ఉండి ఉండదు.

హిందూపురం_రైలు
రెండో గిటారు అసలు వినిపించలేదు. తెలిసే వదిలేశాను. చేతి ఖర్చులు కూడా తిరిగిరాని ప్రదర్శనలో, బారువాళ్ళు పెట్టిన సౌండ్ ఇంజినీరు నిర్వాకాన్ని తీసుకెళ్ళి ఆ కుర్రవాళ్ళ నెత్తిన రుద్దడం న్యాయం కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

బేస్‌గిటార్_బాబు
ఇక్కడ నేను జోక్యం చేసుకోక తప్పదు, ఎందుకంటే ఆ కుర్రవాళ్ళ స్థానంలో నేను చాలా ఏళ్ళుగా నిలబడుతున్నాను. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, వారాంతాల్లో బేస్ గిటారు. వేదిక మీద మాకు వినిపించేది మా కాళ్ళ దగ్గరున్న మానిటర్ స్పీకర్లలో శబ్దం మాత్రమే. ఎదురుగా ఉన్న జనానికి ఏమి వినిపిస్తోందో మాకు తెలియదు. స్నేహితులను అడిగితే "అదిరిపోయింది" అంటారు, బారు యజమాని బిల్లులు చూసుకుంటాడు. రెండో గిటారు హాలులో లేదని మాకు చెప్పగల ఒకే ఒక్క మనిషి సమీక్షకుడు. మీరు దయతలచి వదిలేస్తే, వచ్చే ప్రదర్శనలో కూడా ఆ గిటారిస్టు రెండు గంటలు మూగవాద్యం వాయిస్తాడు.

కేఆర్‌పురం_వంతెన
మా కాలేజీ బ్యాండులో నేనే ఆ రెండో గిటారు. నా సంగతి ఎవరూ రాయకపోవడం వల్లే నా గౌరవం నిలబడింది.

పాతక్యాసెట్
రైలుగారు అడిగిన ప్రశ్నకు నా జీవితమే ఒక రకమైన జవాబు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. తొంభయ్యవ దశకం మొదట్లో నెల్లూరు నుంచి డిగ్రీ చదువుకు బెంగళూరు వచ్చాను. 1991లో స్టార్ టీవీ ద్వారా ఎంటీవీ వచ్చింది గాని మా అద్దెగదికి కేబుల్ లేదు. బ్రిగేడ్ రోడ్డు దుకాణాల్లో మ్యాగ్నాసౌండ్ కంపెనీ వేసిన క్యాసెట్లు కొనడం, చర్చ్ స్ట్రీట్‌లోనూ అవెన్యూ రోడ్డు పేవ్‌మెంటు మీదా దొరికే ఎన్.ఎం.ఇ., మెలొడీ మేకర్ అనే బ్రిటిష్ సంగీత పత్రికల పాత సంచికలు బేరమాడి తెచ్చుకోవడం, ఒక్కో సమీక్షను నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకోవడం, ఇదీ నా పాఠశాల. ఆ ఆల్బమ్‌లు నా దగ్గర ఉండేవి కావు. రాసినదాన్ని బట్టి పాట ఎలా ఉంటుందో ఊహించుకునేవాణ్ణి, తర్వాత ఎప్పుడో క్యాసెట్టు చేతికి వచ్చినప్పుడు ఊహకూ పాటకూ ఎంత దూరమో చూసుకునేవాణ్ణి. దగ్గరగా ఉన్న సమీక్ష రాసినవాడి పేరు గుర్తుపెట్టుకునేవాణ్ణి.

మన దేశంలో ఈ రాత కొత్తదేమీ కాదు. కలకత్తా నుంచి డెస్మండ్ డోయిగ్ సంపాదకత్వంలో 1967 నుంచి 1977 దాకా జె.ఎస్. వారపత్రిక వచ్చింది. దానిలో పాశ్చాత్య పాటలకు చోటుండేది. ఆ తర్వాత 1993లో అమిత్ సైగల్ రాక్ స్ట్రీట్ జర్నల్ మొదలుపెట్టింది ముంబయిలోనో బెంగళూరులోనో కాదు, అలహాబాద్‌లో. ఆ సంగతి తెలిసిన రోజున నెల్లూరువాణ్ణయిన నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఆయన 2012లో గోవా సముద్రంలో మునిగి చనిపోయినప్పుడు, దేశంలో ఎన్ని బ్యాండ్ల గురించి మొదటి వాక్యం ఆయన పత్రికలోనే అచ్చయిందో లెక్కపెట్టబోయి వదిలేశాను.

ఇక ఇష్టం అడ్డమవుతుందా అన్నదానికి వస్తాను. 2003 ఏప్రిల్‌లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో రోలింగ్ స్టోన్స్ బ్యాండు వాయించినప్పుడు వాన పడింది. 2007 మార్చి 17న అక్కడే ఐరన్ మెయిడెన్ వచ్చినప్పుడు దేశం నలుమూలల నుంచి రైళ్ళెక్కి వచ్చిన నల్లచొక్కాల మెటల్ అభిమానులతో మైదానం నిండింది. ఆ రెండు రాత్రులూ నేను అభిమానినే, కాదంటే అబద్ధం. కానీ 2011 అక్టోబరు చూడండి. 28న గుర్‌గావ్‌లో మెటాలికా కచేరీ భద్రతా కారణాలతో ఆగిపోయింది, కోపం పట్టలేని జనం వేదిక మీదికెక్కి సామాను ధ్వంసం చేశారు, నిర్వాహకుల మీద కేసు నమోదయింది. 30న బెంగళూరులో అదే బ్యాండు వాయించింది. ఆ మూడు రోజుల వార్తలో రిఫ్‌లకు చోటే లేదు. బారికేడ్లు ఎవరు కట్టారు, అనుమతి పత్రంలో ఎంతమందికి అని ఉంది, టిక్కెట్టు డబ్బు ఎవరు తిరిగి ఇస్తారు అన్నవే ప్రశ్నలు. ఆ ప్రశ్నలు అడగడానికి మెటాలికా పాటలన్నీ కంఠస్థం అయి ఉండనక్కర లేదు, నిజమే. అయినా అర్ధరాత్రి దాకా ఫోన్లు చేస్తూ కూర్చున్నది పాటలు కంఠస్థం ఉన్నవాళ్ళే. మిగతావాళ్ళు ఏజెన్సీ వార్త దించుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు.

జయనగర_భారతి
పాతక్యాసెట్ గారు చివర చెప్పినదే నా వాదన కూడా. ఇష్టం ఉండాలి, అది ఫోన్లు చేయడంలో కనిపించాలి, విశేషణాల్లో కాదు.

మదనపల్లె_నాన్న
నేను ఈ సంగీతం వినేవాణ్ణి కాను. మా అమ్మాయి బి.కామ్. చివరి సంవత్సరం చదువుతూ బెంగళూరులో మీరు చెప్పే పనిలోనే చేరతానంటోంది. గదిలో తలుపు వేసుకుని వినే పాటల శబ్దానికి మేము అలవాటుపడ్డాము. అయితే జీతం ఎంత వస్తుంది, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరుతుంది అన్న రెండు సంగతులు ఎవరైనా దాచకుండా చెబితే మేలు చేసినవారవుతారు.

పాతక్యాసెట్
దాచకుండానే చెబుతాను. మెటల్ ప్రదర్శన చూసి రాసి పంపేసరికి ఒంటిగంట అవుతుంది. పత్రికలో ఉద్యోగమైతే నెలకు ఇంత అని వస్తుంది, అది తోటి ఇంజినీరు జీతంతో పోల్చుకోకుండా ఉంటే సరిపోతుంది. ఫ్రీలాన్స్ అయితే పదానికి ఇన్ని రూపాయలు అని లెక్క. అచ్చయ్యాక బిల్లు పంపాలి, పంపాక గుర్తుచేయాలి, గుర్తుచేశాక బతిమాలాలి. టీడీఎస్ కింద ముందే కోసే పన్ను పది శాతం పోయి చేతికి వచ్చేసరికి ఆ బ్యాండు విడిపోయి ఉంటుంది. నేను మధ్యలో కొంతకాలం ఒక కంపెనీకి యంత్రాల వినియోగ పుస్తకాలు రాసి ఇంటి అద్దె కట్టాను. రాక్ విలేకరుల్లో చాలామందికి ఇలాంటి రెండో పని ఉంటుంది, ఎవరూ పైకి చెప్పరు. పెళ్ళిచూపుల్లో మా మామగారు "సంగీతం మీద రాస్తాడట" అని విని సంతోషించి, త్యాగరాజ కీర్తనలు అనుకుని ఒప్పుకున్నారు. పెళ్ళయ్యాక గానీ నా క్యాసెట్లు ఆయన కంటపడలేదు.

మదనపల్లె_నాన్న
మీ మామగారి మీద నాకు జాలి కలిగింది. అమ్మాయికి ఈ పేజీ చూపిస్తాను.

మౌంట్‌రోడ్_శేషు
చెన్నై నుంచి నా మాట. మీరందరూ ఇష్టం మంచిదా చెడ్డదా అని వాదిస్తున్నారు గాని, అది ఎంత ఇరుకుగా ఉందో ఎవరూ అడగడం లేదు. మా పెదనాన్న కోడంబాకం స్టూడియోలలో గిటారు వాయించినవారు. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలకముందు మన పాటలు ఎక్కువగా ఈ ఊళ్ళోనే రికార్డయ్యేవి. ఎలక్ట్రిక్ గిటారు శబ్దం తెలుగు పల్లెలకు చేరింది ఆ పాటల ద్వారానే, పరదేశపు ఆల్బమ్‌ల ద్వారా కాదు. పెదనాన్నకు తీగలు కావాలంటే మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న ముసీ మ్యూజికల్‌కు వెళ్ళేవారు, నన్నూ వెంటబెట్టుకుని. ఒకటో తీగను మీటి, చెవి దగ్గర పెట్టుకుని, నచ్చకపోతే మొహమాటం లేకుండా వెనక్కి ఇచ్చేవారు.

పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ సంగతి చూడండి. ఎనిమిది తీగల మాండొలిన్‌ను ఐదు తీగల విద్యుత్ వాద్యంగా మార్చి కర్ణాటక కచేరీ చేసినప్పుడు ముఖం చిట్లించినవారు ఉన్నారు. ఆయన 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. 1995లో గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ఆల్బమ్ రాక్ గాయకుడు పీటర్ గేబ్రియల్ సంస్థ రియల్ వరల్డ్ నుంచి వచ్చింది. ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో ఊరూరూ తిరిగారు. 2014లో ఆయన పోయినప్పుడు మన రాక్ విలేకరుల్లో ఎందరు రాశారు? "ఇది మా శాఖ కాదు" అన్నవారే నాకు ఎక్కువ తగిలారు. ఆంప్‌కు, అంటే శబ్దం పెంచే ఆంప్లిఫయర్‌కు కలిపిన తీగవాద్యం మీద ప్రపంచానికి కొత్త మాట చెప్పిన తెలుగువాడు మీ శాఖ కాకపోతే, మీ శాఖ ఏమిటి?

పాతక్యాసెట్
శేషుగారూ, సగం ఒప్పుకుంటాను. మా తరంలో నల్లచొక్కా వేసుకోనివాడిని సంగీతకారుడిగా చూడని మూర్ఖత్వం ఉండేది. కానీ మొదటి రోజు నుంచే అన్నీ వినమనడం నాకు సమ్మతం కాదు. ఒకదాన్ని ఎముకలదాకా తెలుసుకున్నవాడికే రెండోది ఎక్కడ వేరుగా ఉందో తెలుస్తుంది. నేను మాండొలిన్ శ్రీనివాస్ దగ్గరికి వెళ్ళింది మెక్‌లాఫ్లిన్ గిటారు పట్టుకునే.

మౌంట్‌రోడ్_శేషు
పాలకొల్లు చేరడానికి ఇంగ్లండు మీదుగా వెళ్ళారన్నమాట.

కేఆర్‌పురం_వంతెన
బెంగళూరు ట్రాఫిక్‌లో సిల్క్ బోర్డు కూడలి మీదుగా వెళ్ళడం కంటే అదే త్వరగా చేరే దారి.

బేస్‌గిటార్_బాబు
విషయం పక్కకు పోకముందే ఇంకొకటి చెప్పాలి. నా జీవితంలో నాకు నిజంగా పనికొచ్చిన సంగీత వార్తలు సమీక్షలు కావు, 2018లో వచ్చినవి. ఆ జనవరిలో సుప్రీంకోర్టు బెంగళూరు నగర పోలీసుల 2005 నాటి ప్రజా వినోద స్థలాల లైసెన్సు ఉత్తర్వును సమర్థించింది. కొన్ని నెలలకు పోలీసులు దాన్ని అమలుచేయడం మొదలుపెట్టగానే ఇందిరానగర్, కోరమంగలలలో బారుల వేదికలు ఒకదాని వెంట ఒకటి మూగబోయాయి. భవనాన్ని వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేనిదే లైసెన్సు లేదన్నారు, ఈ ఊళ్ళో ఆ కాగితం ఎన్ని భవనాలకు ఉందో మీకు తెలుసు. లైవ్ బ్యాండ్ పేరుతో నడిచిన డాన్సు బారులను అదుపుచేయడానికి తెచ్చిన నిబంధనలో జాజ్ వాయించే ముసలాయన, మెటల్ వాయించే మేము, గజల్ పాడే అమ్మాయి అందరం ఇరుక్కున్నాము. ఈ సంగతి పత్రికల ద్వారానే మాకు అర్థమైంది. అంతవరకు బారు యజమాని "ఈ వారం వద్దు" అంటే మా వాయింపు నచ్చలేదేమో అనుకున్నాము. ఆ వార్తలు రాసినవారిలో నేను గుర్తుపట్టినవాళ్ళు శుక్రవారం రాత్రుళ్ళు ముందు వరుసలో నిలబడి తల ఊపేవాళ్ళే. ఇప్పుడు భారతిగారితో చిన్న పేచీ ఉంది. ఎవరికీ తెలియని రోజుల్లో మా ప్రదర్శనకు వచ్చేది విశేషణాలు రాసే అభిమాని విలేకరి ఒక్కడే. పద్ధతిగా రాసేవారు మేము పేరు తెచ్చుకున్నాకే వస్తారు.

జయనగర_భారతి
ఆ దెబ్బ సరైన చోటే తగిలింది. మేము పంపించే విలేకరి పెద్ద కచేరీకే వెళతాడు, ఎందుకంటే దానికి ప్రకటన ఉంటుంది.

హిందూపురం_రైలు
నా అసలు ఇబ్బంది అక్కడే ఉంది. చిన్న ప్రదర్శనలకు నన్ను ఎవరూ పంపరు, నా డబ్బుతో నేనే వెళతాను. అలా వెళ్ళి వెళ్ళి ఆ బ్యాండ్లవాళ్ళు స్నేహితులయ్యారు. పెద్ద కచేరీలకు ప్రచారం చూసే పీఆర్ వాళ్ళు పాస్ ఇస్తారు, మరునాడు ఉదయమే "ఎప్పుడు వేస్తున్నారు" అని ఫోన్ చేస్తారు. ఫొటోగ్రాఫర్‌కు మొదటి మూడు పాటలే, ఫ్లాష్ వాడకూడదు, తర్వాత వేదిక ముందున్న పిట్‌లోంచి బయటికి. నాకు ముఖాముఖి ఇస్తే పది నిమిషాలు, ప్రశ్నలు ముందే పంపాలి. ఒకచోట స్నేహం, ఇంకోచోట పాస్. మధ్యలో నిజం ఎక్కడి నుంచి రాయాలి?

పాతక్యాసెట్
పీఆర్ ఫోన్ మీ సంపాదకుడికి మళ్ళించండి, ఆ గొడవ అక్కడితో సరి. స్నేహం సంగతే కష్టం. అమెరికాలో లెస్టర్ బ్యాంగ్స్ అని ఉండేవాడు, రాక్‌ను అంతగా ప్రేమించిన రచయిత అరుదు. సంగీతకారుల పట్ల అమర్యాదగా రాస్తున్నాడని 1973లో రోలింగ్ స్టోన్ పత్రిక అతనికి పని ఇవ్వడం మానేసింది. డెట్రాయిట్‌లో క్రీమ్ పత్రికకు రాసి బతికాడు, 1982లో 33 ఏళ్ళకే పోయాడు. అతని బతుకును అనుకరించమని చెప్పను, మందులూ మద్యమూ అతన్ని తినేశాయి. ప్రేమించినవాళ్ళనే ఎక్కువ తిట్టవచ్చని మాత్రం అతని రాతలు చూసి నేర్చుకున్నాను. నేను ఒక గిటారిస్టు మిత్రుడి రెండో ఆల్బమ్ బాగాలేదని రాస్తే నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఇప్పుడు రెస్ట్ హౌస్ రోడ్డులో పెకోస్ పబ్బుకు ఇద్దరం కలిసే వెళతాము, బిల్లు నేను కట్టాలన్నది రాజీ షరతు.

బేస్‌గిటార్_బాబు
ఒక పద్ధతి సూచిస్తాను. స్నేహితుల బ్యాండు గురించి సమీక్ష రాయకండి, వార్త రాయండి. ఆల్బమ్ ఎక్కడ రికార్డు చేశారు, ఎంత ఖర్చయింది, డబ్బు ఎవరు పెట్టారు అన్నవి మీ కంటే బాగా ఎవరూ రాబట్టలేరు. సమీక్ష మరొకరికి వదిలేయండి.

శ్రవణ_కుమారి
నేను బెంగళూరులో ఆడియాలజిస్టును, అంటే వినికిడి పరీక్షలు చేసేదాన్ని. ఇంతసేపు జీవితం, జీతం, నిజాయితీ గురించి మాట్లాడారు, చెవుల మాట ఒక్కరూ ఎత్తలేదు. 85 డెసిబెళ్ళ శబ్దంలో ఎనిమిది గంటల దాకా ఉండవచ్చన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పెట్టిన హద్దు. ఆ పైన ప్రతి 3 డెసిబెళ్ళకూ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గర పావుగంటే. రాక్ ప్రదర్శనలో స్పీకరు పక్కన 100 దాటడం మామూలు విషయం. పాట అయ్యాక చెవిలో హోరు వినిపించి తెల్లవారేసరికి తగ్గితే "ఏమీ కాలేదు" అనుకుంటారు, కానీ లోపలి రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ మొలవవు. ఎసి/డిసి రాక్ బ్యాండు గాయకుడు బ్రయన్ జాన్సన్ వినికిడి దెబ్బతిని 2016లో పర్యటన మధ్యలో ఆపవలసి వచ్చింది. వేదిక మీద ఉన్నవాడు నెలకు కొన్ని ప్రదర్శనలు ఇస్తే, మీరు అన్ని బ్యాండ్ల ప్రదర్శనలకూ వెళతారు. మందుల షాపులో దొరికే మెత్తటి నురగ చెవి బిరడాలు సన్నటి కీచు శబ్దాలను ఎక్కువగా కోసేస్తాయి కాబట్టి పాట మొద్దుగా వినిపిస్తుంది. సంగీతకారుల కోసం చేసే ఫిల్టరు బిరడాలు సన్నటి శబ్దాల నుంచి బొంగురు శబ్దాల దాకా అన్నిటినీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, అవి పెట్టుకుని రెండో గిటారు ఉందో లేదో కూడా చెప్పవచ్చు.

పాతక్యాసెట్
నా ఎడమ చెవిలో సన్నటి ఈల ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. మా ఆవిడ ఎడమవైపు నుంచి పిలిస్తే పలకనన్నది ఇంట్లో శాశ్వత అభియోగం. కుమారిగారు చెప్పింది అక్షరాలా చేయండి.

మదనపల్లె_నాన్న
అమ్మాయి చదివింది. జీతం పేరా దాటేసి చెవి బిరడాలు ఏ కంపెనీవి కొనాలని అడుగుతోంది.

శ్రవణ_కుమారి
కంపెనీ పేరు చెప్పను. చెవి అచ్చు తీయించి చేయించుకుంటే మేలు, ముందు ఒకసారి వినికిడి పరీక్ష చేయించి ఆ కాగితం దాచమనండి. తర్వాత పోల్చుకోవడానికి అదే ఆధారం.

మౌంట్‌రోడ్_శేషు
రైలుగారికి నా దగ్గర ఒక పని ఉంది. పెదనాన్నతో కలిసి వాయించిన గిటారిస్టులు, బేస్ వాద్యకారులు కొందరు వడపళని, సాలిగ్రామం వైపు ఇంకా ఉన్నారు. అందరూ డెబ్భై దాటినవారు. ఒకే టేకులో ముప్ఫైమంది కలిసి వాయించిన రోజుల్లో ఏ ఆంప్ వాడారు, గిటారు గరగరలాడే డిస్టార్షన్ ఎలా పుట్టించారు, పాటకు ఎంత ఇచ్చారు అన్నవి వాళ్ళు తెలుగులోనే చెబుతారు. ఏ పాట ఎవరు వాయించారో క్యాసెట్టు అట్టల మీద వాద్యకారుల పేర్లు ఉండవు, వాళ్ళ నోటి నుంచి వినవలసిందే. రాక్ తెలిసినవాడు అడిగితే వచ్చే జవాబులు నాలాంటివాడు అడిగితే రావు.

జయనగర_భారతి
అది రాసి తెస్తే మా ఆదివారం సంచికలో వేయించే పూచీ నాది. పేజీ మొత్తం ఇప్పిస్తానని మాత్రం ముందే అనను.

హిందూపురం_రైలు
శేషుగారూ, వచ్చే నెల రెండో శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వస్తాను. ఒక్కొక్కరిని విడివిడిగా కలిసేలా చూడండి, గుంపుగా కూర్చుంటే ఒకరు చెప్పిందే అందరూ చెబుతారు.

బేస్‌గిటార్_బాబు
నన్నూ తీసుకెళ్ళండి, ఆంప్ గురించి అడగవలసినవి నా దగ్గర చాలా ఉన్నాయి. ఫోన్‌లో రికార్డింగును నమ్ముకోకండి, నా దగ్గర మంచి రికార్డరు ఉంది, కాలరుకు పెట్టే మైకులు రెండు తెస్తాను.

కేఆర్‌పురం_వంతెన
రెండో గిటారుకు సీటు ఉందా?

మౌంట్‌రోడ్_శేషు
ఉంది, ఒక షరతు మీద. పెద్దవాళ్ళు వాయించమంటే మీరు వాయించవలసి ఉంటుంది.